గుమ్మం బయటికి ఒక బకెట్ నీళ్ళు

చితోకా, హుయిలా, అంగోలా
5 జనవరి 1984

సెనైదా అక్కా,

ముందు కుర్చీ లాక్కుని కూర్చో. కాఫీ పక్కన పెట్టు. అందులో సగం వేయించిన బఠాణీ పొడే కాబట్టి చల్లారినా పోయేదేమీ లేదు.

నేను బతికే ఉన్నాను. మలేరియా రెండుసార్లు పలకరించి, నా నోటికి దడిసి వెళ్ళిపోయింది. బోరు మాత్రం ఇంకా నీళ్ళ దాకా దిగలేదు. దక్షిణాఫ్రికా విమానాలు దారిలో మా లారీని తగలబెట్టాయి, గొట్టాలు ఆగిపోయాయి. అవి వచ్చేదాకా ఈ ఊరి ఆడవాళ్ళకి వాగు దాకా నడక తప్పదు. మా ఐదుగురు క్యూబావాళ్ళ పీపా కూడా వాళ్ళే నింపుతున్నారు. వద్దంటే వినరు. "మీరు మా నేల తవ్వుతున్నారు, మేం మీ గొంతు తడుపుతాం" అంటారు. ఇంత మర్యాద సియెన్‌ఫ్యూగోస్ నీళ్ళ ఆఫీసులో ఇరవై ఏళ్ళు గొట్టాలు బిగించినా నాకు ఎవరూ చెయ్యలేదు.

ఇక అసలు గొడవ విను. డిసెంబరు ముప్ఫై ఒకటిన ఇక్కడ పంది లేదు, రమ్ము లేదు. మన ఇంటి ఆచారం ఒక్కటైనా దక్కాలని, పన్నెండు కొట్టగానే గుమ్మంలో నిలబడి బకెట్ నీళ్ళు వీధిలోకి విసిరికొట్టాను. పాత ఏడాది దరిద్రమంతా పోవాలని అమ్మ ఏటా పోసేది కదా, అచ్చం అలాగే. మావాళ్ళు ఈలలు వేశారు.

తెల్లారేసరికి ఊరంతా మూగబోయింది. మోసుకొచ్చిన నీళ్ళు పారబోశానని కోపమేమో అనుకున్నాను. అంతే అయితే కాళ్ళు పట్టుకుని బయటపడేవాణ్ణి. మా ఎదురింట్లో గేవే అవ్వ ఉంది. ఈ ఊళ్ళో ఆమె మాటకి ఎదురు లేదు. వాళ్ళ ఇళ్ళల్లో గుమ్మం బయటికి నీళ్ళు విసిరేది ఒక్కసారే. ఇంటి మనిషి పోయినప్పుడు, ఇల్లు కడిగి, చావుని బయటికి తోలడానికి.

ఆ ముందురోజే మాకు క్యూబా నుంచి ఉత్తరాల సంచి వచ్చింది. అవ్వ మనవరాలు కసిందా మూడేళ్ళ కిందట, దక్షిణాఫ్రికా సైన్యం వాళ్ళ పాత ఊరిని తగలబెట్టినప్పుడు, మిగతా పిల్లలతో పాటు మన యువ ద్వీపానికి చదువుకోవడానికి వెళ్ళింది. అప్పటి నుంచీ కబురు లేదు. అవ్వ రెండూ కలిపి చూసుకుంది: క్యూబా నుంచి సంచి వచ్చింది, క్యూబావాడు నీళ్ళు విసిరాడు. కసిందా పోయింది, వీడు తెలిసీ చెప్పడం లేదు అని తేల్చుకుంది. తల మీద బూడిద పోసుకుని కూర్చుంది.

నేను ఒట్టేసి చెప్పాను. ఎవరూ నమ్మలేదు. మొన్న ఈ ఊరి బడి కసోమా మాస్టారికి సర్కారు సైకిలు మంజూరు చేసిందని పాత పేపరు పట్టుకుని చదివి వినిపించాను, పాపం ఆయన సైకిలు కోసం లుబాంగో పట్నం దాకా నడిచి వెళ్ళొచ్చాడు. ఆ తర్వాత నా ఒట్టుకి ఈ ఊళ్ళో ఏం విలువ ఉంటుంది?

నువ్వు ఒక్కసారి ద్వీపానికి వెళ్ళి ఆ పిల్లని చూసి రా. బతికుందని ఏదైనా ఆనవాలు పంపు. ఇది ఆట కాదక్కా.

నీ తమ్ముడు,
ఎవరిస్తో


సియెన్‌ఫ్యూగోస్
2 ఫిబ్రవరి 1984

ఒరేయ్ ఎవరిస్తో,

ఎంత చక్కగా అల్లావురా! బూడిద పోసుకున్న ముసలమ్మ, తప్పిపోయిన మనవరాలు. చదువుతుంటే కళ్ళు కూడా తుడుచుకున్నాను, చివర నీ సంతకం కనబడేదాకా.

కమాగ్వే నుంచి పెదనాన్న కొడుకు వస్తున్నాడని నన్ను కేకు పట్టుకుని స్టేషన్లో నిలబెట్టిన రోజు మర్చిపోయావా? రెండు రైళ్ళు చూశాను. మనకి ఆ పెదనాన్నే లేడు. కిందటి ఉత్తరంలో ఏనుగొకటి తొండంతో మీ గొట్టం పట్టుకుని ఊరందరికీ నీళ్ళు పంచిందని రాశావు. నేను నమ్మి, వీధి కమిటీ మీటింగులో, అధ్యక్షురాలి హోదాలో, నిలబడి చదివాను. పక్కింటి ఓర్తెన్సియా నవ్వి నవ్వి కుర్చీలోంచి జారింది. ఇప్పటికీ వీధిలో పిల్లలు నన్ను చూసి చేత్తో తొండం ఊపుతున్నారు.

ఇప్పుడు నేను కుట్టు కేంద్రంలో సెలవు పెట్టి, బస్సెక్కి, పడవెక్కి, నోరు తిరగని పేరు పట్టుకుని ద్వీపమంతా తిరగాలి. అక్కడ ఎవరూ ఉండరు. నువ్వు అక్కడ కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వుకుంటావు. అంతేనా?

ఇంకొకటి. ముసలమ్మ అంటున్నావు, ఎంత ముసలమ్మ? రెండు పెళ్ళిళ్ళు చెడగొట్టుకున్నవాడివి, ఎదురింటి మీద మరీ ఇంత శ్రద్ధ చూపిస్తుంటే నాకు అనుమానంగా ఉంది.

చొక్కాలు రెండు కుట్టి పంపుతున్నాను. కాలర్ తిరగేసి కుట్టాను, గుడ్డ దొరకడం లేదు. వేడి నీళ్ళే తాగు.

నీ అక్క,
సెనైదా


చితోకా
27 ఫిబ్రవరి 1984

అక్కా,

చొక్కాలు సరిపోయాయి. అవ్వకి డెబ్భై దాటింది, నోట్లో రెండే పళ్ళు, ఆ రెండింటితోనే నన్ను నమిలేస్తోంది. నీ అనుమానం తీరిందా?

ఏనుగు అబద్ధం. పెదనాన్న కొడుకు అబద్ధం. ఇది నిజం. ఎలా రాస్తే నమ్ముతావో నాకు తెలియడం లేదు. నిజం రాయడం నాకు అలవాటు లేని పని, చెయ్యి తిరగడం లేదు.

కసిందాకి ఒక ఆవు ఉంది. నుదుటి మీద తెల్లమచ్చ ఉందని బొల్లి అంటారు. దూడగా ఉన్నప్పుడు దాని తల్లి చనిపోతే ఈ పిల్లే వేలు నాకించి పాలు పట్టి పెంచిందట. మొక్కజొన్న కోతలయ్యాక, జూన్‌లో, అవ్వ దినం చేస్తుంది. ఆ దినానికి బొల్లినే కోస్తారు. చనిపోయినవాళ్ళ ఆవు వాళ్ళ వెంటే పోవాలట. కోసిన తర్వాత ఇంక ఆ మనిషికి ఈ ఇంట్లో చోటు ఉండదు. రేపు కసిందా చదువు ముగించుకుని నిక్షేపంలా తిరిగొచ్చినా, చచ్చినదాని నీడ వచ్చిందని తలుపు వేసేస్తారు.

మా కెప్టెన్ని తీసుకెళ్ళి చెప్పించాను. అవ్వ ఆయనని కూర్చోబెట్టి, పులిసిన పాలు పోసి, నిదానంగా అడిగింది.

"నాయనా, పోర్చుగీసువాళ్ళు వచ్చి మనుషుల్ని పట్టుకెళ్ళారు. తర్వాత కాఫీ పట్టుకెళ్ళారు. మీరు ఏం పట్టుకెళ్తారు?"

కెప్టెన్ గొంతు సవరించుకుని ఉపన్యాసానికి సిద్ధమవుతుంటే, నేను అడ్డుపడి "ఇప్పటిదాకా మలేరియా ఒక్కటే దొరికిందవ్వా" అన్నాను. కసోమా మాస్టారు అది వాళ్ళ భాషలోకి మార్చి చెప్పాడు. అవ్వ నవ్వలేదు.

"మా అవ్వ చెల్లెల్ని బెంగ్వేలా రేవులో ఓడ ఎక్కించారు" అంది. "అవతలి ఒడ్డుకే. మీ ఒడ్డుకే. ఓడెక్కినవాళ్ళెవరూ తిరిగి రాలేదు, కబురు కూడా రాలేదు. ఈసారి చదువుకని చెప్పారు కాబట్టి పంపాను. ఎంత తెలివితక్కువదాన్ని!"

కెప్టెన్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. నాకు ఏ జోకూ తట్టలేదు. అది చూసి మాస్టారు కూడా కంగారుపడ్డాడు.

వెళ్ళు అక్కా.

ఎవరిస్తో


సియెన్‌ఫ్యూగోస్
26 మార్చి 1984

తమ్ముడూ,

వెళ్ళొచ్చాను. నమ్మి కాదు. నీ ఉత్తరం రెండోసారి చదువుతుంటే ముత్తవ్వ తోమాసా గుర్తొచ్చింది. చెరకు తోటలో పుట్టలేదనీ, ఓడలో వచ్చిందనీ అమ్మ చెప్పేది కదా. ఆమెకీ ఒక అమ్మో అవ్వో ఉండే ఉంటుందిరా. ఆ ఒడ్డున కూర్చుని ఎన్నాళ్ళు చూసిందో! ఎవరైనా ఒక్క కబురు మోసుకెళ్ళి ఉంటే ఎంత బాగుండేదో! నువ్వు అబద్ధమాడుతున్నా సరే, పోనీ ఇంకో కేకు దండగ అనుకుని బయల్దేరాను.

పడవలో కడుపులో ఉన్నదంతా సముద్రానికి ఇచ్చేశాను. ద్వీపం దిగాక చూస్తే ఎటు చూసినా పంపరపనస తోటలు, తోటల మధ్య బడులు. ఒకటి మొజాంబిక్ పిల్లలది, ఒకటి నమీబియాది, ఒకటి ఇథియోపియాది. పొద్దున పాఠాలు, మధ్యాహ్నం కాయల కోత. గిడ్డంగిలో పిల్లల పెట్టెలు చూపించారు. ఒక్కో పెట్టెలో సబ్బు, తువ్వాలు, కొత్త బూట్లు. మన కోటా పుస్తకంలో సబ్బు ఈ నెల మళ్ళీ తగ్గింది, నీకు తెలుసో లేదో. ఆ పెట్టెలు చూస్తే కోపమొస్తుందేమో అనుకున్నాను. రాలేదు. ఆ సబ్బు నేనే పెట్టినట్టు అనిపించింది.

ఇప్పుడు నిన్ను తిట్టాలి. అంగోలా పిల్లల బడిలో టీచరమ్మ "కసిందా ఎవరమ్మా?" అని కేకేస్తే అరడజను మంది పరిగెత్తుకొచ్చారు! కవలల తర్వాత పుట్టిన ప్రతి పిల్లకీ ఆ పేరేనటగా. ఆ ముక్క రాయొద్దా, వెధవా? వచ్చినవాళ్ళందరూ నా మొహం చూడలేదు, చేతులు చూశారు. ఇంటి నుంచి ఏమైనా తెచ్చానేమోనని. నేను ఒక్కదానికోసం వచ్చానని చెప్పడానికి నోరు రాలేదు. దారిలో తిందామని పెట్టుకున్న జామ హల్వాని ముక్కలు కోసి అందరికీ పెట్టాను. పెడుతూ "బొల్లి" అన్నాను. ఒక్క పిల్ల తినడం ఆపేసింది.

అదే నీ కసిందా. బడి పుస్తకాల్లో ఫెలిసియానా. నెలకో ఉత్తరం రాసిందట, అన్నీ తగలబడిన పాత ఊరి చిరునామాకి. జవాబు రాకపోతే అవ్వే పోయిందనుకుని రాయడం మానేసింది. అక్కడ అవ్వ దీనికోసం ఏడుస్తోంది, ఇక్కడ ఇది అవ్వకోసం. మీ అవ్వ రాయిలా ఉందని నేను చెప్పగానే నా నడుం పట్టుకుని వదల్లేదు. ఫోటో తీయించాను, ఇందులో పెట్టాను. ఏడుపు మొహంతో ఉంటే అవ్వ బెంగపడుతుందని ముందు నవ్వించాను, నీ ఏనుగు కథ చెప్పి.

సెనైదా


చితోకా
20 ఏప్రిల్ 1984

అక్కా,

నీ కాళ్ళకి దండం. ఇప్పుడు కూర్చుని మళ్ళీ లే, ఎందుకంటే నువ్వు మళ్ళీ వెళ్ళాలి.

ఫోటో అవ్వ చేతిలో పెట్టాను. దూరంగా పట్టుకుని చూసింది, దగ్గరగా పెట్టుకుని చూసింది, తలకిందులుగా చూసింది.

"ఎవరి పిల్లరా ఇది?"

"నీ మనవరాలే అవ్వా."

"మా పిల్ల బుగ్గలు లోపలికి ఉండేవి. మోకాలి చిప్పలు గుచ్చుకునేవి. ఇదెవరో మంత్రిగారి కూతురు. పైగా నవ్వుతోంది. ఇల్లూ వాకిలీ వదిలి వెళ్ళిన పిల్ల నవ్వుతుందా?"

మీ బడి తిండి, నీ ఏనుగు కథ కలిసి కొంప ముంచాయి. ఉత్తరం చదువుతానంటే "నువ్వు సైకిలు చదివినట్టేనా?" అంది. మాస్టారు చదువుతానంటే, "వీడు నేర్పిందే చదువుతాడు" అంది. ఆయన నా వైపు చూసిన చూపులో ఆ లుబాంగో నడకంతా ఉంది.

ఇంతలో బొల్లి పాలకి సతాయిస్తోంది. అవ్వ కోడలు చెంబు పట్టుకుని వెళితే తన్ని పారేసింది. అవ్వ విసుక్కుంది: "అది కసిందా పిలుపుకి తప్ప నిలబడదు. ఆ కూత మాకెవరికీ రాదు." నేను రకరకాలుగా కూసి చూశాను. బొల్లి నా మొహం మీద తోకతో ఒక్కటిచ్చింది. ఇన్ని నెలల తర్వాత అవ్వ మొదటిసారి నవ్వింది. ఆ నవ్వులోనే అంది: "నన్ను ఆటపట్టించావు, మాస్టార్ని ఆటపట్టించావు. బొల్లిని ఆటపట్టించు చూద్దాం!"

అర్థమైందా అక్కా? మీ కమిటీ దగ్గర ఉపన్యాసాలు పట్టే టేపు రికార్డరు ఉంది కదా. ఆ పిల్ల కూత పట్టి పంపు. కోతలు మొదలయ్యాయి. దినానికి కట్టెలు కొట్టి పెరట్లో పేరుస్తున్నారు.

ఎవరిస్తో


సియెన్‌ఫ్యూగోస్
14 మే 1984

ఎవరిస్తో,

ఆవుకి వినిపించడానికి కమిటీ టేపు రికార్డరు ఇవ్వమని తీర్మానం పెట్టాను. ఓర్తెన్సియా "ఏనుగుకి కూడా ఒకటి పంపుదామా?" అంది. అయినా చెయ్యెత్తింది. అందరూ ఎత్తారు. మన వీధి మీద నాకు ఎంత విసుగున్నా, అక్కడికి పంపాలంటే చెయ్యెత్తనివాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు.

కసిందా సిగ్గుపడింది. హాస్టలు గదిలో ఆవుని పిలవడమేమిటని. పిలిస్తే పక్క గదుల్లోంచి మిగతావాళ్ళు కూడా తమ తమ ఆవుల్ని పిలవడం మొదలుపెట్టారు, నవ్వుతూ మొదలుపెట్టి ఏడుపుల్లోకి దిగారు. టేపు పాడైంది. చివరికి తోటలోకి తీసుకెళ్ళాను. చెట్ల వైపు తిరిగి, కళ్ళు మూసుకుని పిలిచింది. నేను మీట నొక్కి నిలబడ్డాను. ఆ కూత నేను రాయలేను. నువ్వే విను.

కొత్త క్యాసెట్ దొరకలేదు, పాత డాన్సు పాటల దాని మీదే పట్టాను. లుబాంగో ఆసుపత్రికి వెళుతున్న నర్సు చేతికిచ్చాను. ఆవుకి నా నమస్కారం చెప్పు.

సెనైదా


చితోకా
12 జూన్ 1984

అక్కా,

నర్సు మొన్న సాయంత్రం దిగింది. దినం నిన్న. అంత దగ్గరికి వచ్చింది.

పొద్దున్నే పెరట్లో చుట్టాలు నిండిపోయారు. బొల్లిని గుంజకి కట్టారు. కత్తి పట్టిన పెద్దాయన రాయి మీద నూరుతున్నాడు. నేను మా డాక్టరు క్యాసెట్ రేడియో పెట్టె చంకలో పెట్టుకుని, టార్చిలైట్లలో బ్యాటరీలన్నీ పీకి అందులో వేసుకుని వెళ్ళాను. నన్ను చూడగానే నలుగురు లేచారు. చావింట్లో ఆటలేమిటని ఒకాయన నా కాలరు పట్టుకున్నాడు, నువ్వు తిరగేసి కుట్టిన కాలరే. గట్టి కుట్టు, ఊడలేదు.

"వదలండి" అంది అవ్వ. "బొల్లిని ఆటపట్టించమన్నది నేనే. పట్టించనివ్వండి. తర్వాత వీణ్ణి ఈ గడప తొక్కనివ్వను."

పెట్టె నేల మీద పెట్టి మీట నొక్కాను. ముందు గాలి చప్పుడు. ఆకుల చప్పుడు. నువ్వు దగ్గావు, అదొకటి. తర్వాత నాలుక అంగిట కొట్టి టక్ టక్‌మని, ఆ వెనక సన్నగా, పొడుగ్గా, ఎక్కడో కొండ అవతల నుంచి వచ్చినట్టు ఆ కూత.

బొల్లి నెమరు ఆపేసింది. తల పక్కకి తిప్పి, ఎడమ చెవి పెట్టె వైపు పెట్టింది. గోడకి చెవి ఆనించి వినేటప్పుడు ఓర్తెన్సియా మొహం ఎలా ఉంటుందో అచ్చం అలా. రెండోసారి కూత వచ్చింది. అది ఒక్క గుంజు గుంజితే తాడు తెగలేదు, గుంజే ఊడి వచ్చింది. గుంజని ఈడ్చుకుంటూ జనం మధ్యలోంచి నడిచి వచ్చి, పెట్టెని మూతితో తోసి, నాకడం మొదలుపెట్టింది. డాక్టరు పెట్టె ఇంక పనికిరాదేమో.

అవ్వ లేచి వచ్చి బొల్లి పొదుగు కింద చెయ్యి పెట్టింది. పాలు వాటంతటవే కారుతున్నాయి. అవ్వ అరచెయ్యి చూసుకుంది. తర్వాత కత్తి ఉన్న పెద్దాయనతో "లోపల పెట్టు" అంది.

అప్పుడే, అక్కా, నీ పాత డాన్సు పాట బూరలతో సహా మొదలైంది! నేను ఆపబోయాను. అవ్వ నా చెయ్యి మీద ఒక్కటి వేసింది. తల మీద బూడిదతోనే రెండడుగులు వేసింది. రెండే. ఆ తర్వాత కూలబడి ఏడ్చింది, ఆడవాళ్ళందరూ చుట్టూ చేరారు. దినానికి వండిన సంకటి పండగ సంకటి అయిపోయింది. కసోమా మాస్టారు నా పక్కన కూర్చుని తింటూ "సైకిలు సంగతి మాత్రం నేను మర్చిపోను" అన్నాడు.

ఇంకొకటి చెప్పాలి. గొట్టాలు పోయిన వారమే వచ్చాయి, దిగ్గొట్టేశాం. ఈ పొద్దున పంపు కొడితే నీళ్ళు పడ్డాయి, ముందు ఎర్రగా, తర్వాత తేటగా. మొదటి బకెట్ అవ్వకే ఇవ్వాలని ఊరు నిర్ణయించింది. తాగుతుందనుకున్నాం. ఒక్క బొట్టు నేల పడితే కోడల్ని తిట్టే మనిషి. బకెట్ ఎత్తుకుని ఇంటికి వెళ్ళింది, గుమ్మంలో నిలబడింది, మొత్తం నీళ్ళు వీధిలోకి విసిరికొట్టింది. నా మీదే సగం పడ్డాయి.

"ఇలాగే కదా?" అని అడిగింది. "మీ ఊళ్ళో దరిద్రం పోవడానికి?"

"ఇలాగే" అన్నాను.

ఎవరిస్తో


సియెన్‌ఫ్యూగోస్
8 జులై 1984

తమ్ముడూ,

నీ ఉత్తరం మీటింగులో చదివాను. గుంజ ఊడి రావడం దగ్గరికి వచ్చేసరికి ఓర్తెన్సియా చేత్తో తొండం ఊపింది. దాంతో ఎవరూ నమ్మలేదు. నిజం చెప్పాలంటే నాకూ కాస్త అనుమానమేసింది. మరీ అంత చక్కగా జరిగితే అందులో నీ చెయ్యి ఉంటుందని నాకు తెలుసు.

సెలవులకి కసిందా మా ఇంట్లోనే ఉంది. పిల్ల ముందు చదవాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించి, చదివాను. గుంజ దగ్గర కదల్లేదు, పాల దగ్గర కదల్లేదు. అంతా అయ్యాక ఒక్కటే అడిగింది.

"అత్తా, ఏ చెవి అని రాశాడు?"

ఉత్తరం వెతికి చూసి చెప్పాను. "ఎడమ చెవి."

అది చేతుల్లో మొహం పెట్టుకుంది. దూడగా ఉన్నప్పుడు బొల్లి కుడి చెవిలో పిడుదు దూరి, చీము పట్టి, ఆ వైపు వినికిడి పోయిందట. పైకి ఏమీ తెలియదట. పిలిస్తే ఎప్పుడూ తల తిప్పి ఎడమ చెవే ఇస్తుందట. ఆ సంగతి తనకీ అవ్వకీ తప్ప ఎవరికీ తెలియదట.

నేను అప్పటికప్పుడు ఓర్తెన్సియా ఇంటికి వెళ్ళి, తలుపు కొట్టి, నిలబెట్టి చెప్పొచ్చాను.

ఎవరిస్తో, నలభై ఆరేళ్ళలో మొదటిసారి నీ మాట నమ్మాను. దీన్ని అలవాటు చేసుకోకు.

నీ అక్క,
సెనైదా

కసిందా అడుగుతోంది: పంపు దగ్గర బొల్లికి వేరే తొట్టి కట్టించావా? కట్టించకపోతే కట్టించు.